మరిడమ్మ చిలక కాఫీ

రండర్రా, దగ్గరకి జరగండి. అరుగు మీద చోటు చాలకపోతే కింద చాప పరిచే ఉంది, సర్దుకోండి. గిరిబాబూ, నువ్వు మాత్రం వెనక్కి జారకు. ఇవాళ పని నీతోనే. ఇక్కడ, నాకెదురుగా కూచో.

ఏటి, అప్పుడే నవ్వు? పొద్దున్న మరిడమ్మ బిందె పట్టుకుని కుళాయి దగ్గరకొస్తే “సిలక కాఫీ, సిలక కాఫీ” అని పాట కట్టిందెవరు? నేను కాదండీ, వాడండీ! వాణ్ణడిగితే వీడండీ! మన బళ్ళో తప్పు ఏనాడైనా సొంతింట్లో పడుకుందా? ఎప్పుడూ పక్కింట్లోనే దాని కాపురం.

పోనీ, పాట కట్టారు. ఆవిడ ఏమందో విన్నారా? ఏమీ అనలేదు. బిందె నింపుకుని తల వంచుకుని వెళ్ళిపోయింది. గెలిచామని మీకు సంబరం. నాకు మాత్రం ఏదోలా అయిపోయింది. ఎందుకంటారా? ఇదివరకటి మరిడమ్మయితే బిందె అక్కడే దించి, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, “ఒరే గుంటల్లారా, ఆగండొరే, మీ సంగతి సూత్తాను” అని వీధి చివరిదాకా తరిమేది. పట్టుకుని వీపు మీద ఒకటిచ్చి, అదే చేత్తో మీ గుప్పెట్లో విరిగిన పంచదార చిలక తోక పెట్టి పంపేది. అవునా, కాదా?

మూడు ఆదివారాలైంది. ఎవరికైనా ఒక్క తోక దొరికిందా? పోనీ ఒక్క ముక్కు? ఎందుకు దొరకలేదో అడగాలని ఒక్కడికైనా తోచిందా?

నీలవేణీ, నువ్వు తల దించుకోకమ్మా. చెప్పబోయేది మీ నానమ్మ కథే. నీకు సగం తెలుసు. ఆ సగం నోట్లోనే ఉంచుకో, మధ్యలో జారిపోనీకు. మిగతా సగం నేను చెప్తాను.

అనగనగా అని మొదలెట్టక్కర్లేదు. మన వీధిలోనే, మొన్న మొన్న జరిగింది.

మరిడమ్మకి పంచదార అంటే ఏమిటో మీకు తెలియదు. మీకది డబ్బాలోంచి ఎవరూ చూడకుండా నోట్లో పోసుకునే వస్తువు. ఆవిడకి ఇంటిపిల్ల. పదహారేళ్ళకి కోడలై ఈ ఊరొచ్చింది. వచ్చిన మర్నాడే అత్తగారు చేతికి చెక్క అచ్చులిచ్చింది. మన వైపు పెళ్ళిసారెలో ఎన్ని మిఠాయిలు పెట్టినా, పంచదార చిలకల జత లేకపోతే ఆ సారె బోసిగానే ఉంటుంది. ఆ చిలక తెల్లగా ఉండాలి. ఎంత తెల్లగా? పక్కన మల్లెపువ్వు పెడితే మల్లెపువ్వే మొహం తిప్పుకోవాలి.

పాకం ఉడుకుతుంటే చెంచాడు పాలు పోస్తుంది. పైకి తేలిన మడ్డి తీసేస్తుంది. గరిటెతో గిన్నె అంచుకి రాసి రాసి, పాకం పాలరంగుకి తిరిగే క్షణం కనిపెట్టి, తడిపి ఉంచిన అచ్చుల్లో పోస్తుంది. ఆ క్షణం దాటిందా, గిన్నెలోనే రాయి. అంతకు ముందే పోసిందా, చిలక నీరుకారిపోతుంది. గడియారం లేదు, కొలత లేదు. ముక్కు, కన్ను, చెయ్యి. అంతే.

కొత్తలో ఒకసారి మాటల్లో పడి పొయ్యి మరిచిపోయింది. పాకం ఎర్రబడి వాసనొచ్చింది. అత్తగారు గరిటె కాడతో ఆ చేతి మీదే ఒక్కటిచ్చింది. “సారెలో ఎర్రసిలక పంపుతావేటే? పెళ్ళోరి ముందు మన పరువేటవ్వాల?” అంది. ఆ దెబ్బకి నలభై ఐదేళ్ళు మరిడమ్మ చేతిలో పంచదార మళ్ళీ ఎర్రబడలేదు. ఈ మాట రాసుకోండి, పరీక్షలో వస్తుంది.

సరే. రెండు నెలల కిందట కళ్ళు చూపించుకోడానికి ఆవిడ విజయనగరం వెళ్ళింది. నీలవేణి వాళ్ళక్క రాజకుమారి ఉంది కదా, ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతోంది, ఆ పిల్ల బస్సెక్కి వచ్చి నానమ్మని కలుసుకుంది. కళ్ళపని అయ్యాక అక్కడే ఒక కాలేజీ ఎదురుగా ఉన్న ఒక అద్దాల కాఫీకొట్లోకి తీసుకెళ్ళింది. చల్లగా ఉందని మరిడమ్మ కొంగు భుజాల మీద కప్పుకుని, కుర్చీ అంచుమీద కూచుంది. మనవరాలు ఏదో తెప్పించింది. దాని పేరు కేరమెల్ మకియాటో.

గిరిబాబూ, పలుకు చూద్దాం. మకి... మకియా... పోనీలే నాయనా, మరిడమ్మ కూడా అక్కడే ఆగింది. “ఇదేటే, దగ్గుమందు పేరులాగున్నాది?” అంది.

ఏమిటో అనుకోకండి. అడుగున తియ్యటి పాకం, దాని మీద పాలు, పాల మీద నురగ, ఆ నురగలోంచి దిగే నల్లటి కాఫీ. ఆ నల్లకాఫీని ఎస్ప్రెస్సో అంటారు. మన డికాక్షనుకి పెద్దన్నయ్య. డికాక్షను చుక్క చుక్కగా దిగుతుంది, ఈ అన్నగారు ఆవిరి తోసుకుంటూ దిగుతాడు, అదే తేడా. పైన మళ్ళీ పాకంతోనే ఎర్రటి తీగలు గీస్తారు.

మరిడమ్మ ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. తెరిచి, కొట్టంతా వినిపించేలా అంది:

“ఒలే! ఇది మాడిపోయిన పంచదార కాదేటే!”

చుట్టూ బల్లల వాళ్ళు తిరిగి చూశారు. రాజకుమారి గ్లాసు వెనక మొహం దాచుకుంది. “మెల్లగా నానమ్మా! మాడింది కాదు. దాన్ని కేరమెల్ అంటారు.”

“మాడినదానికి పేరెడితే మాడనట్టయిపోద్దేటి?”

అంది కానీ, గ్లాసు దించిందా? దించలేదు. అంచున అంటిన పాకం కూడా వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. తన చేతి మీద దెబ్బ పడ్డ రోజు వాసన అది. ఆనాడు గిన్నె తోమేముందు ఒక్కసారి నాకి చూడలేకపోయానే అని ఆవిడకి అప్పుడు తోచింది. “దెబ్బ తిన్నాను గానీ రుసి సూడనేదే” అని మనవరాలితో చెప్పి ఒకటే నవ్వు.

అక్కడితో ఆగుంటే మన కథ లేదు. రాజకుమారి ఊరుకోక, “ఇది ఇంట్లో అవదు నానమ్మా. మిషన్లుండాల, ట్రైనింగుండాల” అంది.

అయ్యో, ఎవరితో అన్నావమ్మా ఆ మాట?

“పంచదార ఇసయంలో నాకు టైనింగేటే? అది నా ఇంటిపిల్ల. నాను కూసోమంటే కూసుంటాది, నిలబడమంటే నిలబడతాది. నెలాఖరి ఆదోరం ఊరికి రా. మన ఈదోళ్ళందరికీ పోసి సూపిత్తాను.”

పందెం కట్టేశారు. రాజకుమారి ఎస్ప్రెస్సో దించే గిన్నె ఒకటి హాస్టల్ నుంచి పంపించింది. మూడంతస్తుల గిన్నె అది. కింద నీళ్ళు, నడుమ కాఫీపొడి, పైన ఖాళీ. పొయ్యి మీద పెడితే కింది నీళ్ళు ఆవిరి తోపుడుకి పొడిలోంచి ఎగబాకి పై అంతస్తులో నల్లగా చేరతాయి. అరకు కాఫీపొడి తెప్పించి, రెండు రోజుల్లో ఆ గిన్నెని మరిడమ్మ లొంగదీసింది. పాలు కవ్వంతో చిలికి నురగ తెప్పించింది. అదీ అయింది. ఇక మిగిలింది పాకం. దాని తయారీ ఎలాగో మనవరాలు ఫోనుకి ఫొటో పంపింది. అంతా ఇంగ్లీషు. అర్థం చెప్పమని ఆ పిల్లనే అడిగితే పందెం అక్కడే ఓడినట్టు. నీలవేణిని అడుగుదామంటే, ఏమనుకోకమ్మా, నీ ఇంగ్లీషు మీద మీ నానమ్మకి అంత నమ్మకం లేదు. ఆ పాపంలో కొంత వాటా బడిది.

అందుకని ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన ఒక పెద్దమనిషి దగ్గరకి వెళ్ళింది.

పేరా? పేరెందుకు? కథలో ఒకరికి పేరు లేకపోతే కొంపలేం మునగవు.

ఆ పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు, అక్షరాలు చిన్నవని ఆ ఫొటో తన ఫోనుకి కూడా పంపించుకున్నాడు. ఒక కాగితం తీసుకుని తెలుగులో రాసిస్తానన్నాడు. ఆదివారం పూట కూడా జేబులో ఎర్రపెన్ను పెట్టుకు తిరిగే మనిషి లెండి.

నా జేబు వైపు చూడకండర్రా, కథ వైపు చూడండి.

మొదటి వాక్యం చదివాడు. “ఒట్టి మూకుట్లో, నీళ్ళు పోయకుండా పంచదార వేడి చెయ్యాలి” అని ఉంది. ఆయన నవ్వుకున్నాడు. పాపం, రాసినవాడికి పాకానికి నీళ్ళు కావాలనే తెలియదు! సరే, నేను దిద్దుతాను అని “గ్లాసుడు నీళ్ళు పోసి” అని రాశాడు.

రెండోది. “ముదురు రాగిరంగు వచ్చి, పొగ లేవబోయేదాకా ఉంచాలి.” ఇదేమి విడ్డూరం! పొగ లేచాక ఇంకేముంది, బొగ్గు తప్ప? “రంగు మారకముందే దించాలి” అని రాశాడు.

మూడోది. “చిటికెడు ఉప్పు.” కాఫీలో ఉప్పేమిటి, ఇదేమైనా పులుసా? అడ్డంగా కొట్టేశాడు. పైన యాలకుల పొడి అని పెట్టాడు. మీగడ, వెన్న కలపమన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు దించాడు.

మూడు వాక్యాలు, మూడు తప్పులు. మార్కులు వెయ్యలేదు, అదొక్కటే తక్కువ. ఇంతకీ ఆ పెద్దమనిషి పుట్టాక పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. పాలు పొంగుతుంటే గట్టిగా భార్యని పిలుస్తాడు. ఆవిడ వచ్చేలోగా పాలు పొంగిపోతాయి. అదీ ఆయన వంట.

చీటీ పట్టుకుని మరిడమ్మ ఇంటికి వెళ్ళింది. రెండు రోజులు ఎవరూ లేనప్పుడు చేసి చూసుకుంది. పాకం వచ్చింది. ఎలా వచ్చింది? చిలకల పాకంలా, అచ్చంగా, తెల్లగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. నాలిక మీద వేసుకుంది. తీపి ఉంది, ఒట్టి తీపి. విజయనగరంలో తాగినదాంట్లో తీపి వెనకాల సన్నగా ఒక చేదు ఉండేది. అది లేదు.

ఆవిడకి తెలిసిపోయింది. ఇది మాడాలి. ముక్కు చెప్పింది, నాలిక చెప్పింది. నలభై ఐదేళ్ళ కిందట దెబ్బ తిన్న చెయ్యి కూడా చెప్పింది. అయినా చీటీ వేరేగా చెప్తోందే! మళ్ళీ ఆ పెద్దమనిషి దగ్గరకి వెళ్ళింది. గుమ్మం బయటే నిలబడింది.

“బాబూ, నాకో అనుమానం. ఆ పంచదార ఎర్రగా మాడ్చాలేమో? నాను తాగినప్పుడు మాడు వాసనొచ్చింది.”

ఆయన ఏం చెయ్యాలి? ఆ ఫొటో మళ్ళీ ఒకసారి తీసి చూడాలి కదా? అరనిమిషం పని. చూడలేదు. మెచ్చుకోలుగా నవ్వి, “మరిడమ్మా, పంచదార సంగతి నీకు నేను చెప్పాలా? మాడిస్తే చేదు కాదూ? నీ చేతిలో పంచదార ఎర్రబడిందంటే ఊరు నమ్ముతుందా?” అన్నాడు.

చూశారా ఎంత తెలివో! కాదని కసిరినా ఆవిడ ఎదురు చెప్పేదేమో. పొగిడేసరికి నోరు కట్టుబడిపోయింది.

“అంతే లెండి బాబూ. నాది నోటిమాట. మీది సదువు. కాయితం అబద్దం సెప్తాదేటి” అని వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. మీరూ ఉన్నారుగా, అరుగుల మీద వేలాడుతూ? మరిడమ్మ కొత్తచీర కట్టింది. వరసగా గాజు గ్లాసులు పెట్టింది. మీగడ కలిపిన పాకం గ్లాసుల అడుగున పోసింది, చీటీలో ఉన్నట్టే. ఆవిడ చెయ్యి కదా, పాకం సరిగ్గా చిలకకి వచ్చే పదునులో ఉంది. చల్లటి మీగడ తగలగానే అది ఏం చేస్తుంది? దానికి తెలిసిన పనే చేస్తుంది. గడ్డకట్టి కూచుంది. పైన పాలు, నురగ, నల్లటి కాఫీ. చూడ్డానికి అద్దాలకొట్టు కూడా దిగదుడుపే.

మొదటి గ్లాసు దాలయ్యకి ఇచ్చింది, వీధిలో పెద్దవాడని. ఆయన ఒక గుక్క తాగాడు. మొహం ముడుచుకుపోయింది. పైనంతా ఒట్టి చేదు. తీపంతా అడుగున రాయై కూచుందాయె! చెంచా పెట్టి తిప్పాడు. టక్ టక్ మంది. కాఫీ తిరిగింది గానీ రాయి తిరగలేదు. గ్లాసు వంచి ఆ గడ్డని నోట్లోకి జార్చుకుని కొరికాడు.

“ఓలమ్మోలమ్మా! నాకున్నవే మూడు పళ్ళు మరిడమ్మా! కాఫీకి పిలిసి పన్ను పీకుతావేటే?”

ఇంక నవ్వు చూడాలి! రాజకుమారి పొట్ట పట్టుకుని గడపలోనే కూలబడింది. “నానమ్మా, ఇది మకియాటో కాదే, సిలక కాఫీ! అడుగున సిలక గుడ్డెట్టేసింది!” అంది. ఆ మాట ఆ పిల్ల నోట్లోంచి మీ నోట్లోకి దూకింది. ఇవాళ్టికీ దిగలేదు.

మరిడమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గ్లాసులు తీసేసి అందరికీ అల్లంటీ పెట్టింది. నవ్వు ఆగాక రాజకుమారి అడిగింది, “ఆ సీటీ ఏదీ, సూపించు. నీకిలా సెయ్యమని ఎవరు రాసిచ్చారు?”

మరిడమ్మ చీటీ చూపించలేదు. చెప్పలేదు. మడిచి పొయ్యిలో పెట్టేసింది.

“ఎవరు రాత్తే ఏటి? సేసింది నాను కాదేటి? సెయ్యి తప్పింది.”

అదుగో, అక్కడ జరిగింది అసలు కథ. మీరంతా నవ్వి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం తన నోటితో తాను అన్న మాట దగ్గరే ఉండిపోయింది. చెయ్యి తప్పింది.

మర్నాడు మామూలుగా చిలకల పాకం పెట్టింది. తిరుమలరావుగారింట్లో వచ్చే గురువారం పెళ్ళి కదా, నెల ముందే సారె చిలకలకి చెప్పి వెళ్ళారు. పంచదార ఉడికింది. మడ్డి తీసింది. గరిటె పట్టుకుంది. అప్పుడు, నలభై ఐదేళ్ళలో మొట్టమొదటిసారి, ఆవిడ చెయ్యి ఆవిణ్ణి అడిగింది: ఇప్పుడా? ఇంకానా?

చెయ్యి అలా అడక్కూడదర్రా. సైకిలు తొక్కేటప్పుడు కాళ్ళు మిమ్మల్ని అడుగుతాయా, కుడిదా ఎడమదా అని? అడిగిన రోజున పడిపోతారు. మొదటి వాయి గిన్నెలోనే రాయి. రెండోది అచ్చు విప్పితే చిలక నడుం జారిపోయింది. మూడోది పెట్టలేదు. అచ్చులు కడిగి, ఆరబెట్టి, పాత పంచెలో మూట కట్టి అటకెక్కించేసింది.

అవునా నీలవేణీ? నిచ్చెన పట్టుకుంది నువ్వేగా?

తిరుమలరావుగారు వచ్చి అడిగితే, “సెయ్యి పోయింది బాబూ. గజపతినగరంలో ఎవర్నైనా సూసుకోండి” అంది. ఆయన మంచివాడు, మరొకళ్ళ దగ్గరకి పోబుద్ధి కాక ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. రాజకుమారి రోజూ ఫోను చేసి, “నాను నవ్వకుండా ఉండాల్సింది నానమ్మా” అంటోంది. ఆవిడ, “నీ నవ్వేటి సేసిందే? పోనీ, వయసైపోయింది” అంటోంది. వయసంట! మొన్నటిదాకా మిమ్మల్ని వీధి చివరిదాకా తరిమిన మనిషికి, మూడు వారాల్లో వచ్చిందట వయసు.

ఇదంతా ఆ పెద్దమనిషికి తెలియదా? తెలుసు. మరిడమ్మ చేతి సంగతి ఊరంతా అనుకుంటుంటే తనూ చ్చొ చ్చొ అన్నాడు. వయసు మీద పడితే అంతే అని తనూ తలాడించాడు.

మొన్న బుధవారం ఏమయిందంటే, ఆయన ఫోనులో భార్య ఏవో పెళ్ళి ఫొటోలు వెతుకుతుంటే ఆ పాకం ఫొటో కనబడింది. ఆవిడకీ ఇంగ్లీషు వచ్చు. చదివి, వీధిలో అనుకుంటున్నదంతా జ్ఞాపకం చేసుకుని, “మరిడమ్మకి ఇదేనా మీరు తెలుగు చేసి ఇచ్చింది? ఏమని రాశారు?” అంది. ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు, ఎక్కడెక్కడ దిద్దాడో.

ఆవిడ అంతా విని లేచి పొయ్యి వెలిగించింది. ఒట్టి మూకుట్లో పంచదార వేసింది. నీళ్ళు లేవు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అంచుల్లో కరిగింది. తేనెరంగయింది. రాగిరంగయింది. పొగ లేవబోతుండగా వెచ్చటి మీగడ పోసింది. బుస్సుమంది! వెన్న వేసి, చిటికెడు ఉప్పు వేసి తిప్పింది. ఇంట్లో ఉన్న డికాక్షనే చిక్కగా పోసి, పాలు కలిపి, గ్లాసు ఆయన ముందు పెట్టింది.

తాగాడు.

అబ్బ! ఏం చెప్పమంటార్రా! తీపి, దాని వెనకాల చేదు, ఆ రెంటికీ మధ్య తగువు తీర్చడానికి ఉప్పు. మరిడమ్మ నాలిక చెప్పిందంతా అక్షరాలా నిజం. ఆయన కొట్టేసిన మూడూ ఉండాల్సినవే. ఆయన చేర్చిన రెండూ ఉండకూడనివి.

“మీ ఎర్రపెన్ను పదును చూడనిది ఈ ఊళ్ళో మరిడమ్మ చెయ్యి ఒక్కటే మిగిలింది. అదీ అయింది. ఇప్పుడే వెళ్ళి చెప్పి రండి” అంది భార్య.

వెళ్ళాడా? గురువారం వాన అన్నాడు. వాన ఎక్కడ కురిసిందో మరి. శుక్రవారం తలనొప్పి. శనివారం ఆవిడ ఇంట్లో ఉండదేమో అనుకున్నాడు. గిరిబాబూ, హోంవర్కు తేకపోతే నువ్వు చెప్పే సాకులన్నీ ఆయన ఎరువు తెచ్చుకున్నాడు. నీ దగ్గర ఇంకా ఏమైనా మిగిలాయా?

ఇవాళ పొద్దున్న అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. మీరు పాట కట్టారు. ఆవిడ తల వంచుకుని, బిందెతో ఆయన ముందునుంచే నడిచి వెళ్ళింది. వెళ్తూ ఆగి, “కాఫీ తాగేరా బాబూ?” అని అడిగింది. మామూలుగానే అడిగింది. ఆ చీటీ ఎవరిదో ఇంతవరకూ ఎవరికీ చెప్పని మనిషి.

ఎవరో అడుగుతున్నారు, గట్టిగా అడగండి. “ఎవరండీ ఆయన” అనా?

నేనేరా.

నేనే. కట్టండి పాట, నా మీద కట్టండి. మీ పుస్తకాలు దిద్దే చేతితోనే ఆవిడకి ఆ చీటీ రాశాను. రాసింది పొరపాటు. అది ఎవరికైనా అవుతుంది. కానీ ఆవిడ రెండోసారి వచ్చి నా గుమ్మంలో నిలబడి, మాడ్చాలేమో బాబూ అని అడిగినప్పుడు, నాకూ లోపల ఎక్కడో ఒక చిన్న అనుమానం కదిలింది. ఫొటో తీసి చూడబోయాను కూడా. చూస్తే, ఒకవేళ ఆవిడదే ఒప్పయితే? తెలుగే కూడబలుక్కుని చదివే మనిషి ముందు, నేను దిద్దింది నేనే మళ్ళీ దిద్దుకోవాలి కదా? అందుకని పొగిడి పంపేశాను. అది మాత్రం పొరపాటు కాదర్రా. దానికి వేరే పేరుంది, మీ ముందు అనలేకపోతున్నాను.

దీనికి నీతి ఏమిటని అడక్కండి. ఎప్పుడూ మీకే చెప్పి చెప్పి అలవాటైపోయింది. ఇవాళ్టి నీతి నాది, నా దగ్గరే ఉండనివ్వండి.

పెళ్ళి గురువారం. ఇవాళ ఆదివారం. అచ్చులు దించి తడపడానికి నాలుగు రోజులు చాలు. ఆ చెయ్యికి ఏమీ అవలేదని, తప్పింది వేరే చెయ్యని ఆవిడకి తెలియాలంతే. తిడుతుందా, తిట్టనీ. గరిటె కాడ తీస్తుందా, ఇదిగో, చెయ్యి చాపుతాను.

పొండర్రా ఇంక. ఎండెక్కింది, మీ ఇళ్ళల్లో అన్నాలు వార్చేసుంటారు. కాళ్ళు కడుక్కుని, వేడివేడిగా తినండి. గిరిబాబూ, పరుగెత్తకు, చెప్పు జారిపోతోంది చూసుకో.

నీలవేణీ, నువ్వు మాత్రం మెల్లగా నడువమ్మా. ఇవాళ నీకంటే ముందు నేను మీ ఇంటికి చేరాలి.